రెండో వేలిముద్ర

రవళి ఇస్నాపూర్ చౌరస్తాలో గొడుగు కింద కూర్చుని సిమ్ కార్డులు అమ్మబట్టి ఏడేళ్లయింది. మొదట్లో ఆ రోడ్డు పక్కన నాలుగు రంగుల గొడుగులుండేవి, ఒక్కో ఫోన్ కంపెనీది ఒక్కో రంగు. రెండు కంపెనీలు కలిసి ఒకటయ్యాయి. ఇంకొకటి గొడుగులే ఎత్తేసింది. చివరికి రోడ్డుకు ఇటొకటి, అటొకటి మిగిలాయి.

అప్పట్లో జనమే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. షిఫ్టు దిగిన కార్మికులు టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని వరుసలో నిలబడేవాళ్లు. కొత్త నంబరు కాగితం మీద రాయించుకుని జేబులో జాగ్రత్తగా దాచుకునేవాళ్లు. సాయంత్రానికి నలభై సిమ్ములు పోయిన రోజులున్నాయి. రవళికి ఆ పని ఇష్టంగా ఉండేది. భర్త బాలరాజ్ ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర రాత్రి డ్యూటీ చేసి పొద్దున వస్తే, ఆమె కూతుర్ని బడికి పంపి ఉత్సాహంగా బయల్దేరేది.

ఇప్పుడు ఫోను లేని మనిషి కనబడడు. అందరికీ ఉన్నాక ఇంకెవరికి అమ్మాలి? పైగా రేట్లు పెరిగాయి. ఒక ఫోనులో రెండు సిమ్ములు వాడేవాళ్లు రెండోది రీఛార్జ్ చేయడం మానేశారు. ఉన్నవాళ్లే ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారుతుండేవాళ్లు. పాశమైలారంలో లోడింగ్ పనిచేసే బీహారు మనిషి ఒకడు మూడు నెలలకోసారి అదే నంబరుతో కంపెనీ మార్పించుకుని ఎదుటి గొడుగుకు వెళ్లేవాడు, ఇంకో మూడు నెలలకు "దీదీ, మై ఫిర్ ఆగయా" అంటూ మళ్లీ ఇటే వచ్చేవాడు. మారినప్పుడల్లా మొదటి నెల రీఛార్జ్ ఉచితం. వాడు వచ్చినప్పుడల్లా రవళి కంపెనీ లెక్కలో ఒక కొత్త కస్టమరు పెరిగేవాడు.

టార్గెట్ మాత్రం నెలనెలా పెరిగింది. అరవై ఉన్నది డెబ్బై ఐదు అయింది, తర్వాత తొంభై. సోమవారం పొద్దున పటాన్‌చెరులో టైర్ల దుకాణం పైగదిలో మీటింగు. టీమ్ లీడర్ వెంకట సాయి సంగారెడ్డి అబ్బాయి, ఇరవై ఏడేళ్లుంటాయి. రవళిని అక్కా అనే పిలిచేవాడు. అతని పైన ఇంకొకరు, వాళ్ల పైన హైదరాబాదులో ఇంకొకరు. అందరి ఫోన్లలోనూ అదే ప్రశ్న: ఇవాళ ఎన్ని?

"మార్కెట్ పెరుగుతున్నదక్కా. మనమే పెరుగుతలేం" అన్నాడు ఒక సోమవారం.

"ఏడ పెరుగుతున్నది సాయి? పొద్దుందాక కూసుంటే ముగ్గురు వచ్చిన్రు. అండ్ల ఇద్దరు పాతోళ్లే."

అతను అందరూ వెళ్లేదాకా ఆగి మెల్లగా చెప్పాడు. "వేలిముద్ర పడ్డంక, సర్వర్ తీస్కోలేదు, ఇంకొకసారి పెట్టున్రి అంటే పెడ్తరు గద. ఫొటో మసకగ వచ్చిందంటే మళ్ల దిగుతరు. ఒక మనిషికి రెండు సిమ్ములు. రెండోది నాకియ్యి. డీలర్ దగ్గర పడుంటది, కొన్ని నెలలకు అదే బందైతది. ఎవ్వలికేం నష్టం?"

ఆ నెల ఆమె చేయలేదు. అంతకుముందే టార్గెట్ కోసం అత్త వేలితో రెండు, బాలరాజ్ వేలితో మూడు సిమ్ములు తీసింది. ఇంట్లో వేళ్లు అయిపోయాయి. టార్గెట్ తప్పినందుకు ఏజెన్సీ ఇచ్చే జీతంలో కోత పడింది. తర్వాతి నెల ఆఖరి వారంలో మొదటిసారి ఒక ఒడిశా కుర్రాడితో రెండోసారి వేలు పెట్టించింది. మిషన్ వైపే చూస్తూ ఆ మాట చెప్పింది. అతను ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూనే పెట్టాడు. నాలుగో మనిషికి వచ్చేసరికి మామూలుగానే చెప్పగలిగింది. రెండో సిమ్ములన్నీ ఒక కవరులో వేసి సాయికి ఇచ్చేది. అవి ఎక్కడికి పోతున్నాయని అడగలేదు. అడిగితే తెలుస్తుంది కాబట్టి అడగలేదు.

జనవరిలో ముత్యమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. అమీన్‌పూర్ పక్క ఊళ్లో పొలం పనులు చేసి, పొలాలు ప్లాట్లయ్యాక సుల్తాన్‌పూర్ ఇండస్ట్రియల్ పార్కులో సిరంజిలు తయారుచేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ప్యాకింగుకు కుదిరింది. చేతిలో బటన్ ఫోను.

"తక్కువల నడిచేది ఏదన్న ఉన్నదా బిడ్డా? నేనెవ్వలికి చెయ్య. నా బిడ్డ చేస్తే ఎత్తుత, గంతే" అంది.

రవళి మిషన్ మీద ఆమె వేలు పెట్టించింది. పడలేదు. కుడి బొటనవేలు, చూపుడువేలు, ఎడమ బొటనవేలు, ఏదీ పడలేదు. కలుపు తీసి తీసి, ఆ తర్వాత మందునీళ్లతో కడిగి కడిగి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రవళి ఆమె చేతిని ఒళ్లోకి తీసుకుని కొంగుతో తుడిచింది. కొంచెం నూనె రాసి, మళ్లీ తుడిచి, గట్టిగా నొక్కిపట్టింది. నలభై నిమిషాలకు పచ్చలైటు వెలిగింది.

"పడ్డదా?" అంది ముత్యమ్మ.

నెలాఖరుకు ఇంకా పదకొండు కావాలి.

"లేదమ్మా. ఇంకొకసారి పెట్టు" అంది రవళి.

ముత్యమ్మ విసుక్కోలేదు. అంతసేపూ నిజంగానే పడలేదు కాబట్టి ఇప్పుడూ పడలేదనే అనుకుంది. "నా ఏళ్లే గిట్లున్నయి, నువ్వేం జేస్తవు" అంటూ పెట్టింది.

మే నెలలో ఆమె మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం ఎండకు చెమటతో తడిసిపోయి ఉంది. రొంటిన దోపుకున్న కాగితం తీసి రవళి ముందు పెట్టింది.

"నువ్వు చదువుకున్నదానివి. ఇదేందో జెర చూడు బిడ్డా. పోలీసోళ్లు ఫ్యాక్టరీ గేటు కాడికి వచ్చిన్రు. నా పేరు మీద ఉన్న నంబరుతోని ఎవలో వేరే రాష్ట్రంల ఒక రిటైరైన పంతులుకు ఫోన్ చేసి, పైసలన్నీ గుంజుకున్నరంట. నాకు ఫోన్ ఎత్తుడు తప్ప ఏం రాదంటే నమ్ముతలేరు. పని కూడ బంద్ పెట్టిన్రు. రేపు పదింటికి స్టేషన్‌కు రమ్మన్నరు."

కాగితంలో ఆ నంబరు ఉంది. ఎప్పుడు మొదలైందో ఆ తేదీ కూడా ఉంది. రవళి తేదీ చూసింది: జనవరిలో ముత్యమ్మ గొడుగు కిందికి వచ్చిన రోజే. కాగితం మడిచి తిరిగి ఇచ్చింది.

"రేపు నేను గూడ వస్తనమ్మా" అంది.

"నీ పని పోదా?"

"పోనీ."

ముత్యమ్మ వెళ్లగానే సాయికి ఫోను చేసి విషయం చెప్పింది.

"నువ్వు పోకు అక్కా. ఆమెనే నాకేం తెల్వదని చెప్పనీ. ముసల్ది, పోలీసోళ్లు వదిలేస్తరు."

"డీలర్ దగ్గర పడుంటయంటివి."

"నా దగ్గర తీస్కున్నోడు గట్లనే చెప్పిండు."

"అమ్ముకున్నవా?"

"నేనొక్కన్నేనా? నా టార్గెట్ ఎవలు నింపుతరు? మా అమ్మకు డయాలసిస్ నడుస్తున్నది, నీకు తెల్వదా? నువ్వు చెప్తే నీ పేరే ముందుంటది. మిషన్‌ల నీ ఐడీ ఉన్నది."

అది నిజమే. మొదటి రోజు నుంచీ ఆమెకు తెలుసు.

మరునాడు పొద్దున బాలరాజ్ డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా మొత్తం చెప్పింది. అతను తువ్వాలు భుజాన వేసుకుని గడపలో కూర్చుండిపోయాడు.

"నా వేలితోని గూడ తీసినవు గద. అవేడున్నయి?"

"అవి నా దగ్గరనే ఉన్నయి. బయటికియ్యలే."

"జైల్లో ఏస్తరా?"

"ఏమో."

"చెప్పకపోతే?"

"ఆమె పోతది."

బాలరాజ్‌కు కోపం వచ్చినట్టు లేదు. రాత్రంతా బాయిలర్ ముందు నిలబడ్డ మనిషికి కోపానికి కూడా ఓపిక ఉండదు. "తిని పో. అక్కడ ఎంతసేపు కూసుండవెడ్తరో" అని మాత్రం అన్నాడు.

స్టేషన్‌లో పన్నెండున్నర దాకా బల్ల మీద కూర్చున్నారు. ముత్యమ్మ తెచ్చిన సత్తు డబ్బాలో సగం అన్నం మూత మీద పెట్టి ఇచ్చింది. రవళి నాలుగు ముద్దలు మింగింది. తర్వాత ఎస్సై లోపలికి పిలిచాడు. కళ్లకింద నల్లగా, నిద్రలేనట్టు ఉన్నాడు. ముందు ముత్యమ్మను అడిగాడు.

"ఈ సిమ్ము ఎవరికిచ్చినవు?"

"నేనియ్యలేదు సారూ. నా కాడ ఒక్కటే ఉన్నది."

"వేలిముద్ర నీదే. ఫొటో నీదే."

ఆయన కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. గొడుగు నీడలో ముత్యమ్మ ముఖం, కొంచెం నోరు తెరిచి. తనే ఆ ఫొటోలో ఎలా ఉందో అర్థంకాక ఆమె ముందుకు వంగి చూసింది.

"నేను తీసిన సార్ ఆ ఫొటో" అంది రవళి. "మొదటి ముద్ర పడ్డది. పడలేదని చెప్పి ఇంకోటి పెట్టించిన. ఆమెకు తెల్వదు."

ఎస్సై పెన్ను కిందపెట్టాడు. "ఒక్క ఈమెదేనా?"

"కాదు సార్. చాన ఉన్నయి."

"ఎన్ని?"

"అరవై దాక ఉంటయి. అన్నీ మా టీమ్ లీడర్‌కిచ్చిన."

ఆయన తిట్టలేదు. "మేము దొరకవట్టినంక చెప్పెటోళ్లను చూసిన గని" అని ఆపేసి, కానిస్టేబుల్‌ను కాగితాలు తెమ్మన్నాడు. రాయడానికి సాయంత్రం అయింది. ఆమె ఫోను, వేలిముద్ర మిషన్ తీసుకున్నారు. నోటీసు ఇచ్చి, పిలిచినప్పుడల్లా రావాలని, ఊరు దాటొద్దని చెప్పి పంపారు. ముత్యమ్మ పేరును సాక్షుల్లో రాసుకున్నారు.

బయట మెట్ల మీద ముత్యమ్మ ఆగింది. రవళి ఆమె ముఖంలోకి చూడలేక చెప్పులు వెతుక్కుంది.

"ఆ పొద్దు నా చెయ్యి ఒళ్లె పెట్టుకుని కొంగుతోని తుడిచినవు" అంది ముత్యమ్మ నెమ్మదిగా. "ఇంటికి పోయి నా బిడ్డకు చెప్పిన. ఎవలో పిల్ల, ఎంత ఓపిక ఉన్నదో అని."

వచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. ఇప్పుడు ముత్యమ్మ రోడ్డు దాటి ఒక్కతే షేర్ ఆటో ఎక్కింది.

సాయిని మూడు రోజులకు పట్టుకున్నారు. అతను సిమ్ములు అమ్మిన మనిషి పేరు చెప్పాడు. ఆ మనిషి ఇంకెవరి పేరో చెప్పాడు. ఆ పైన ఉన్నవాళ్లు దొరకలేదు. సాయి సంగారెడ్డి దగ్గరి కంది జైల్లో పద్దెనిమిది రోజులుండి బెయిలు మీద వచ్చాడు. కంపెనీ రవళి ఐడీ రద్దు చేసి, ఇది ఏజెన్సీ ఉద్యోగి సొంత తప్పిదమని రాసి పంపింది. అదే నెలలో కంపెనీకి కస్టమర్లు పెరిగారని పేపర్లో వచ్చిందని బాలరాజ్ చదివి చెప్పాడు. రవళి కూరగాయలు తరుగుతూ వింది.

ఫ్యాక్టరీలో ముత్యమ్మ చోట కాంట్రాక్టరు అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నాడు. సాక్షి అని స్టేషన్ కాగితం చూపించినా తీసుకోలేదు. ఆమె కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీలో మెట్లు ఊడ్చే పనికి కుదిరిందని రవళికి ఎవరో చెప్పారు. రవళి ఒకసారి వెళ్లింది. ముత్యమ్మ చీపురు పట్టుకునే, "కేసు ఏమైంది?" అని అడిగింది. "నడుస్తున్నది" అంది రవళి. "సరే" అని ముత్యమ్మ పై అంతస్తుకు ఎక్కింది.

రవళి ఇప్పుడు అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్‌లో పనిచేస్తోంది. పోలీసులు ఆమె ఐడీ మీద ఉన్న పేర్ల జాబితా ఇచ్చి, రెండో ముద్రలు ఏవో గుర్తుపట్టి రాయమన్నారు. అరవై మూడు తేలాయి. కొన్ని సిమ్ములను కంపెనీయే బంద్ చేసింది. మిగిలినవాళ్లకు చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు. అయినా ఆదివారాలు ఆ జాబితా పట్టుకుని తిరుగుతోంది. సగం మంది వలస కార్మికులు, గదులు ఖాళీ చేసి వెళ్లిపోయారు. కొందరు తలుపు దగ్గరే తిట్టి పంపారు. ఒకామె రవళి చెప్పిందంతా విని, "నువ్వు మళ్ల ఏం అమ్మనీకె వచ్చినవు?" అని అడిగింది.

జూలైలో ఒక ఆదివారం భానూర్ వెళ్లింది. లింగం అనే రైతు ఇల్లు అది. అరవై ఏళ్ల మనిషి, అరుగు మీద మోటారు స్టార్టరు విప్పుకుని కూర్చున్నాడు. రవళి నిలబడే మొత్తం చెప్పింది. ఇన్నిసార్లు చెప్పాక మాటలు వాటంతటవే వస్తున్నాయి.

"అంటే నా పేరు మీద ఇంకోటి నడుస్తున్నదా?"

"నడుస్తున్నదో లేదో చూద్దాం పెద్దనాయినా. ఫోన్ తెస్తవా? మన పేరు మీద ఎన్నున్నయో చూసెటి సర్కారు సైటున్నది."

అతను ఫోను తెచ్చి ఇచ్చాడు. రెండు నంబర్లు వచ్చాయి. ఒకటి అతనిది. రెండోదాని పక్కన 'ఇది నాది కాదు' అని నొక్కి, అతనికి చూపించింది. అతను కళ్లద్దాలు సర్దుకుని, తెర మీద వచ్చినదంతా చివరిదాకా చదివాకే తలూపాడు.

"నీ మీద కేసున్నది గద. ఇట్ల తిరిగితే కొట్టేస్తరా?"

"కొట్టెయ్యరు."

"మరెందుకు తిరుగుతున్నవు?"

కాళ్లు లాగుతుంటే రవళి అరుగు చివర కూర్చుంది. లింగం ఇంట్లోకి కేకేసి నీళ్లు తెప్పించాడు. ఆమె చెంబెడూ తాగింది.

"ఇంక ఎందరున్నరు ఈ ఊర్ల?"

ఆమె కాగితం విప్పి చూసింది. "ఇద్దరు. శివకుమార్, నర్సింహమ్మ."

"శివకుమార్ డ్యూటీల ఉంటడు, పొద్దూకినంక వస్తడు. నర్సింహమ్మ ఇల్లు గా మలుపు కాడ. చెవులు జెర తక్కువ. గట్టిగ చెప్పాలె" అని లింగం మళ్లీ స్టార్టరు చేతిలోకి తీసుకున్నాడు.

రవళి లేచి, కాగితంలో అతని పేరు మీద గీత కొట్టి, మలుపు వైపు నడిచింది.