వెనక తలుపు తాళం

నేను ఒక ఫ్యాక్టరీ వెనక తలుపుకి పదకొండు రోజులు వేలాడిన తాళంకప్పను. అంతకుముందు ఆరేళ్లు ఒక పెంకుటింటికి కాపలా కాశాను. ఆ ఆరేళ్ల గురించి నన్నెవరూ అడగరు. అందరికీ కావలసింది ఆ పదకొండు రోజులే.

పుట్టింది తమిళనాడులోని దిండిగల్‌లో. అక్కడొక ఇరుకు వీధిలో ముగ్గురు అన్నదమ్ములు ఒకే పంచలో కూర్చుని తాళాలు చేసేవారు. పెద్దవాడు రేకు కత్తిరించేవాడు. నడిపివాడు లోపలి మీటలు అరగదీసేవాడు. చిన్నవాడు తాళంచెవులు చెక్కేవాడు. నా పొట్టలో ఏడు మీటలు పెట్టారు. ఏడూ ఒక్కసారే లేస్తే తప్ప నా కొక్కెం వదలదు. నన్ను పూర్తిచేసిన రోజు నడిపివాడు సుత్తి పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. నేను ఊడలేదు. అతను తలాడించాడు. ఊడకపోవడమే నా గొప్పతనమని ఆ రోజు నాకు అర్థమైంది.

లారీలో కాకినాడ చేరాను. మెయిన్‌రోడ్డు మీద ఇనుప సామాన్ల కొట్లో చాలాకాలం మేకుకి వేలాడాక అప్పలస్వామి నన్ను కొన్నాడు. అతనిది తుని పక్క పల్లె. ఉప్పుటేరు ఒడ్డున ఉన్న రొయ్యల ఫ్యాక్టరీలో వాచ్‌మన్. దగ్గర్లోనే రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నాడు. దొంగలకి పనికొచ్చే వస్తువు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. అయినా మనుషులకి తాళం పడితేనే ఇల్లు తమదనిపిస్తుంది కాబోలు. వేశాక ఒకసారి లాగి చూసుకుంటారు. అతని భార్య పైడితల్లి రెండుసార్లు లాగేది. బజారుకి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ లాగేది. ఆ ఇంటి గుమ్మానికి నేను సుఖంగానే ఉన్నాను.

ఫ్యాక్టరీకి కొత్త జనరల్ మేనేజరు వచ్చాడని నాకు తెలిసింది గుమ్మం దగ్గర వాళ్లిద్దరూ మాట్లాడుకోగా విని. పేరు శశిభూషణ్. వచ్చిన మొదటివారమే లోపల పనిచేసే ఆడవాళ్ల టోపీల మీద నంబర్లు కుట్టించాడట. అప్పటినుంచి అక్కడెవరికీ పేరు లేదు. నూకరత్నం ముప్పై ఒకటి. లోవలక్ష్మి ముప్పై రెండు.

లోపల రెండువందలమంది ఆడవాళ్లు రొయ్యలు వలిచేవారు. ఐసునీళ్లలో చేతులు పెట్టి, తలలు తీసి, పొట్టు ఒలిచి, నరం లాగాలి. గంట గడిచేసరికి వేళ్లు తమవి కానట్టే అయిపోతాయి. అందుకని పూటకోసారి వెనక తలుపులోంచి బయటికొచ్చి, ఐదు నిమిషాలు ఎండలో చేతులు చాపుకుని నిలబడేవారు. అది కొత్త మేనేజరు కంట్లో పడింది.

"ఇది ఫ్యాక్టరీయా, పుష్కరాల రేవా? ఎవరికి బుద్ధిపుడితే వాళ్లు వచ్చి నుంచోడానికి?" అన్నాడట.

నూకరత్నం ఊరుకునే మనిషి కాదు. "చేతులు కొంకర్లు పోతన్నాయండి. వెచ్చబెట్టుకుని మళ్లీ పన్లోకే వెళ్తన్నాం కదండీ," అంది.

ఆయన అరవలేదు. అందరినీ పని ఆపించి, పెద్ద ఐసుతొట్టి నడిమధ్యకి తెప్పించి, "ముప్పై ఒకటీ, రెండు చేతులూ పెట్టు," అన్నాడు. గడియారం చూస్తూ పది నిమిషాలు పక్కనే నిలబడ్డాడట. అప్పలస్వామి ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే వదిలేశాడు. "ఆయన మొహంలో కోపం కూడా లేదే. అదే భయమేసింది నాకు," అన్నాడు పైడితల్లితో.

మర్నాడే ఆయన అప్పలస్వామిని పిలిచి వెనక తలుపుకి బయటినుంచి తాళం వెయ్యమన్నాడు.

"తాళం కొనుక్కొస్తానండి బాబూ, రేపు..."

"రేపు కాదు. మీ ఇంటికి లేదా తాళం?"

అలా నేను ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆ ఇనుప తలుపు గొళ్లానికి నన్ను తగిలిస్తూ అప్పలస్వామి ఆగి, "లోపల ఏదైనా అయితే ఎలాగండి?" అని అడిగాడు.

"నువ్వు వాచ్‌మన్‌వా, ఇంజినీరువా?" అన్నాడు శశిభూషణ్. నా తాళంచెవులు రెండూ అతని చేతిలోంచి లాక్కున్నాడు. ఒకటి తన గుత్తికి ఎక్కించుకున్నాడు, రెండోది ఆఫీసు సొరుగులో పెట్టించాడు. వెళ్లేముందు నన్ను లాగి చూశాడు. ఒక్కసారే, గట్టిగా.

తలుపు బయట ఉన్నా లోపలి మాటలు నాకు వినపడేవి. తలుపు అడుగున, కడిగిన నీళ్లు పోవడానికి బెత్తెడు సందు ఉండేది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, చల్లబరిచే యంత్రాలు చూసే ఆపరేటర్ గొంతు విన్నాను. "గొట్టం కీలు దగ్గర అమ్మోనియా వాసన తగుల్తోందండి. ఒక్కరోజు ఆపితే బిగించేస్తాను."

"సీజన్‌లో ఆపమంటావా? అయ్యాక చూద్దాం," అన్నాడు శశిభూషణ్.

అంతే. ఇద్దరి అడుగులూ దూరమయ్యాయి. ఆ సాయంత్రం సందులోంచి వచ్చిన నీళ్లతో పాటు ఘాటైన వాసన కూడా వచ్చింది. ఏటి ఒడ్డున తిరిగే కొంగలు ఆ నీళ్ల దగ్గరికి రాలేదు.

పదకొండో రోజు విదేశీ కొనుగోలుదార్ల మనిషి వస్తాడని శశిభూషణ్ పొద్దున్నించీ హాల్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం లోవలక్ష్మికి కడుపునొప్పి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, బల్ల మీదికి వంగిపోయిందట. కాసేపు బయట కూర్చోబెడతానని నూకరత్నం అడిగింది. శశిభూషణ్ ఒప్పుకోలేదు.

"మీ ఇంట్లో ఆడవాళ్లకి కడుపునొప్పి రాదాండీ?" అంది నూకరత్నం.

నీళ్లు కారే చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు.

"ముప్పై ఒకటీ, నీ టోపీ అక్కడ పెట్టి బయటికి పో. రేపటినించి రానక్కర్లేదు. ముప్పై రెండూ, నువ్వు పని చెయ్యి."

నూకరత్నం ముందు గేటులోంచి వెళ్లి, చుట్టూ తిరిగి నా పక్కన గోడనీడలో కూలబడింది. ఆమె, లోవలక్ష్మి రోజూ ఒకే ఆటోలో ఉప్పాడ వైపు ఇంటికి వెళ్లేవారు. పిల్లని వదిలేసి వెళ్లలేక సాయంత్రం దాకా ఉందామనుకున్నట్టుంది. చేతుల్ని ఎండలోకి చాపి వాటినే చూసుకుంటూ కూర్చుంది.

అరగంట గడవలేదు, ముందువైపు పెద్ద చప్పుడైంది. తర్వాత పాము బుసకొట్టినట్టు ఆగకుండా ఒకటే శబ్దం. పగిలిన అమ్మోనియా గొట్టం ముందు ద్వారానికి పక్కనే ఉంది. అటు పోవడానికి లేక అందరూ నా వైపు పరుగెత్తారు.

మొదటి దెబ్బ తలుపు మీద పడగానే నూకరత్నం లేచింది. తర్వాత ఎన్ని చేతులు పడ్డాయో లెక్కలేదు. తలుపు వంగి నన్ను లాగింది, నేను పట్టుకునే ఉన్నాను. దగ్గులు, ఏడుపులు, "కళ్లు మండిపోతన్నాయే" అన్న కేకలు. నూకరత్నం గట్టుమీది రాయి తెచ్చి నా మీద కొట్టింది. రాయి రెండు ముక్కలైంది. ఇంకో రాయి తెచ్చింది. దాంతో ఆమె వేళ్లే చితికాయి. ఏడు మీటల్లో ఒక్కటీ కదల్లేదు. ఆ క్షణంలో విరిగిపోవాలని నేనెంత కోరుకున్నానో ఏ మనిషికీ చెప్పలేను. చెప్పినా నమ్మరు. నన్ను చేసినవాళ్లు పని అంత బాగా చేశారు.

"తాళం! తాళంచెవి ఎవరిదగ్గరుంది?" అని అరిచింది సందు దగ్గర మొహం పెట్టి.

లోపలినుంచి మగగొంతు వచ్చింది. "నా దగ్గరుంది! బయట ఎవరు?"

తాళంచెవి ఉన్నవాడు లోపల. తాళం బయట. తన జేబులో ఉన్నదాంతో తానే బందీ అయ్యాడు.

"ఆవిడ మన మనిషేనండి, ఇందాక పంపించేశారే, ఆవిడే," అంది ఎవరో దగ్గుతూ.

"పేరేంటి? ఆవిడ పేరేంటి? చెప్పండి!"

పేరు చెప్పారు. అప్పుడు ఆ గొంతు నేల మీదికి దిగింది. "నూకరత్నం! అమ్మా, నూకరత్నం! ఇదుగో, తియ్యమ్మా, నీకు దణ్ణం పెడతాను." ఆయన వేళ్లు గుత్తిలోంచి తీసిన తాళంచెవిని నీళ్లలోంచి సందు బయటికి తోశాయి.

నేనైతే ఆగేదాన్నేమో. ఆ పది నిమిషాల ఐసుతొట్టి గుర్తొచ్చేదేమో. ఆమె ఆగలేదు. రక్తం కారే వేళ్లతోనే తిప్పింది. ఏడు మీటలూ ఒక్కసారే లేచాయి.

తలుపు తెరుచుకోగానే మొదట బయటపడింది శశిభూషణ్. సందు దగ్గర పడుకుని గాలి పీల్చుకుంటున్న ఆడవాళ్ల మీదుగా అడుగులేసుకుంటూ వచ్చాడు. ముప్పై అడుగులు నడిచి బోర్లా పడ్డాడు. నూకరత్నం చీరకొంగు తడిపి ముక్కుకి చుట్టుకుని లోపలికి వెళ్లింది. ఒకరిని లాక్కొచ్చింది, మళ్లీ వెళ్లింది. ముందు గేటు నుంచి పరుగెత్తుకొచ్చిన అప్పలస్వామి కూడా వెళ్లాడు. అందరూ వచ్చారు, ఐదుగురు తప్ప. ఆ ఐదుగురిలో లోవలక్ష్మి ఉంది. బల్ల దగ్గరే, కడుపు పట్టుకుని ముడుచుకుపోయి ఉందట.

అంబులెన్సు కోసం చూస్తూ నేలమీద పడున్న శశిభూషణ్, అప్పలస్వామిని సైగచేసి పిలిచాడు. మాట గాలిలా వచ్చింది. "ఆ తాళం ఏట్లో పారెయ్. తలుపుకి తాళం లేదు. తెలిసిందా?"

అప్పలస్వామి నన్ను జేబులో వేసుకుని ఏటి ఒడ్డుకి వెళ్లాడు. చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి రాలేదు. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా అడుగున దాచాడు.

"పారేసీ మావా," అంది పైడితల్లి. "అది మన తాళం. నువ్వే ఏసినావంటారు. నిన్నే తీసుకుపోతారు."

అతను డబ్బా మూత బిగించాడు. బియ్యంలో, చీకట్లో, మూడు రోజులు ఉన్నాను.

నాలుగోరోజు నూకరత్నం వచ్చింది. వేళ్లకి కట్లున్నాయి. "అన్నా, తాళం ఏదన్నా?" అంది.

"ఏ తాళం?"

ఆమె గుమ్మంలో కూర్చుంది. "పేపర్లో రాశారన్నా. తలుపు తీసే ఉందంట. కంగార్లో మేవే తొయ్యలేదంట. తలుపు తీసుంటే లోవ ఎందుకు రాలేదు మరి? ఆఖరికి చచ్చిపోయిన పిల్ల తెలివితక్కువదైపోయింది. వాళ్లమ్మకి నేనేం చెప్పను?"

అప్పలస్వామి లేచి వెళ్లి బియ్యంలో మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. పైడితల్లి గోడకి చేరబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపలేదు మాత్రం.

ఆ మధ్యాహ్నమే అతను పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, బల్లమీద నన్ను పెట్టి, "ఇది నా తాళం. ఏసింది నేనే. ఆయన ఏయమంటే ఏశాను," అన్నాడు. అతన్ని అక్కడే కూర్చోబెట్టేశారు. సాయంత్రం ఫ్యాక్టరీ ఆఫీసు సోదా చేస్తే మేనేజరు సొరుగులో రెండో తాళంచెవి దొరికింది. ఇన్‌స్పెక్టరు దాన్ని నాలో పెట్టి తిప్పాడు. తెరుచుకున్నాను. నా జన్మలో అంత ఇష్టంగా ఎప్పుడూ తెరుచుకోలేదు.

కేసు మూడేళ్లు నడిచింది. నా మెడకి నంబరు రాసిన అట్టముక్క కట్టారు. అప్పలస్వామిని మొదట ముద్దాయిల్లో చేర్చి, ఉన్నదున్నట్టు చెప్పాడని తర్వాత సాక్షిగా మార్చారు. ఫ్యాక్టరీ యజమానులు, తాళం సంగతి తమకేమీ తెలియదని, అంతా మేనేజరు సొంత నిర్ణయమేనని కాగితం రాసిచ్చేశారు. ఆయన ఎవరికోసం సీజన్లో పని ఆపలేదో వాళ్లే ఆయన్ని వదిలించుకున్నారు. వాయిదాకి వచ్చినప్పుడల్లా ఆయన ఒక్కడే వచ్చేవాడు. ఊపిరితిత్తులు సగం పోయాయి. వరండా మెట్లెక్కడానికి రెండుచోట్ల ఆగేవాడు. అక్కడ బెంచీల మీద ఫ్యాక్టరీ ఆడవాళ్లు కూర్చునేవారు. ఒక్కరూ తిట్టలేదు, శాపం పెట్టలేదు. చూస్తూ ఉండేవారు. ఆ చూపుల మధ్యలోంచి నడవడం ఆయనకి మెట్లెక్కడం కన్నా కష్టంగా ఉండేదని నా అనుమానం.

నూకరత్నాన్ని బోనెక్కించినప్పుడు ఆయన తరఫు లాయరు అడిగాడు. "ఆ రోజే మిమ్మల్ని పనిలోంచి తీసేశారు. అంతకుముందు ఏదో ఐసునీళ్ల గొడవ కూడా ఉందంటున్నారు. ఆ కక్షతోనే ఇదంతా చెబుతున్నారు. అవునా?"

ఆమె లాయరుని కాదు, శశిభూషణ్‌ని చూసింది. "కచ్చే ఉంటే ఆ తాళం తీసేదాన్ని కాదండి," అంది.

లాయరు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

చివర్లో జడ్జిగారు శశిభూషణ్‌ని, ఏమైనా చెప్పుకుంటారా అని అడిగారు. ఆయన లేచి నిలబడి నోరు తెరిచాడు. చాలాసేపు ఊపిరి శబ్దమే వచ్చింది. "నేను కూడా లోపలే ఉన్నాను కదండీ," అన్నాడు.

"తాళంచెవి మీ జేబులోనే ఉంది కదా," అన్నారు జడ్జిగారు.

ఏడేళ్ల శిక్ష పడింది. పోలీసులు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. ఆయన వెనక్కి చూడలేదు. అప్పలస్వామి వరండాలో స్తంభానికి ఆనుకుని ఏడుస్తున్నాడు. తనకి శిక్ష పడనందుకే ఏడుస్తున్నట్టు నాకనిపించింది.

జనం వెళ్లిపోయాక గుమస్తా నన్ను సంచీలో వెయ్యబోతుంటే ఒక ముసలావిడ బల్ల దగ్గరికొచ్చింది. వాయిదాలన్నిటికీ వచ్చేది. ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని, ఒక్క మాటా మాట్లాడేది కాదు. లోవలక్ష్మి తల్లి కాసులమ్మ.

"బాబూ, ఆ తాళం ఒక్కసారి చూపిస్తావా?"

గుమస్తా అటూ ఇటూ చూసి, నన్ను ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె నన్ను బరువు చూసింది. తిరగేసింది. రాయి తగిలిన గీతలమీద బొటనవేలుతో రాసింది. గిరాటేస్తుందనుకున్నాను. గిరాటెయ్యమని మనసులో బతిమాలుకున్నాను కూడా.

"ఇంత చిన్నదా?" అంది.

గుమస్తా తల దించుకుని, "ఇంతేనమ్మా," అన్నాడు.