బీరువా అడుగున పేరు

భర్త పోయాక పెరీన్ నడుపుతున్న పారిస్ వడ్రంగి దుకాణాన్ని ఎలాగైనా మూయించాలని, తానూ వడ్రంగే అయిన వడ్రంగుల సంఘం తనిఖీదారు మోనరో కంకణం కట్టుకుని వచ్చాడు. నాసిరకం పని ఒక్కటి దొరికితే చాలు. ముక్కుపొడి పీలుస్తూ సొరుగుల బీరువా దగ్గర ఆగాడు.

"ఇదేం పనమ్మా! గులాబీకర్ర పొర ఊడొస్తోంది, అతుకుల్లో వేలు దూరుతోంది. ఆడదాని చేతికి ఉలి ఇస్తే ఇంతే. ఇక తాళం వేసుకో!"

"అడుగున చేసినవాడి ముద్ర ఉంటుందిగా అయ్యగారూ, అది కూడా చూసి రాసుకోండి," అంటూ పెరీన్ బీరువాను వెనక్కి వాల్చింది.

మోనరో వంగి చూశాడు. అక్కడున్నది అతని పేరే.

"బాగుచెయ్యమని నిన్న ఒక దొరసాని పంపింది, మీకు తిట్లతో సహా. తాళం ఎవరి దుకాణానికి వెయ్యమంటారు?"

మోనరో నోరు తెరిచాడు. తుమ్ము మాత్రం వచ్చింది.