తొంభై రోజుల రాణి

బావమరిది ఏ పనైనా సగం నిద్రలోనే చేస్తాడు. బొమ్మలాట బృందానికి విదేశంలో ఆడి రమ్మని ఆహ్వానం వస్తే, వీసా దరఖాస్తు నింపే పని అతనికి అప్పగించడం బృందం నడిపే బావ బొమ్మలాయన చేసిన తప్పు. ఆ మహానుభావుడు నాలుగేళ్ళ కిందటి జాబితాను ఉన్నదున్నట్టు ఎక్కించి, చివర మేనకోడలి పేరు కలిపాడు. చనిపోయి మూడేళ్ళయిన సొంత అక్క పేరు కూడా అందులో ఉండిపోయింది. కూతురు వేలిముద్రలు ఇచ్చి తెచ్చిన రసీదులో ఐదు పేర్లు కనబడేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"చూసుకోలేదు బావా," అని తల గోక్కున్నాడు.

బొమ్మలాయన ఒంటికాలి మీద లేచాడు. ఆహ్వానం నలుగురికే. దారాలు లాగడానికి తనూ బావమరిదీ, డోలు వాయించే మనిషి, రాణిబొమ్మకు గొంతు ఇచ్చే మనిషి. ఆ గొంతు ఇదివరకు భార్యది. ఆవిడ పోయినప్పటి నుంచి రాణి తెర ముందు మూగగా నిలబడుతోంది. కూతురు పట్టుబట్టి ఏడాదిగా సాధన చేస్తోంది. సన్నటి గొంతని అందరూ పిచ్చుక అంటారు. పై స్థాయికి వెళితే విరిగిపోతుంది, అయినా మానలేదు. ఈ ప్రయాణం తప్పిపోతే ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదని తండ్రికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే వీసా ఆఫీసుకు పరిగెత్తాడు.

కిటికీ వెనక గుమాస్తావిడ ఫైలు తిరగేసింది. "రాణి గొంతుకి ఇద్దరున్నారండి. ఒకరికే ఇస్తాం. నిన్న ఇద్దరూ వచ్చి వేలిముద్రలు ఇచ్చి వెళ్ళారు కదా."

"ఇద్దరెక్కడమ్మా? మేం ముగ్గురం మొన్నే ఇచ్చాం. నిన్న వచ్చింది మా అమ్మాయొక్కతే. వాళ్ళమ్మ పోయి మూడేళ్ళయింది."

"పోయారా, ఉన్నారా అని మా ఫారంలో ఎక్కడా అడగమండీ," అంటూ ఆవిడ కంప్యూటర్ తెరను ఇటు తిప్పింది.

నిన్నటి తేదీతో ఫోటో ఉంది. భార్యే. చెవి పక్కన జుట్టు నెరిసింది. పోయేనాటికి ఆవిడ తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. బొమ్మలాయన కిటికీకి ఇంకా దగ్గరగా వంగాడు. బతికుంటే ఈపాటికి ఇలాగే ఉండేది అనిపించి, అంత భయంలోనూ చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఒకరి పేరు కొట్టేసి సంతకం పెట్టండి. తొంభై రోజుల వీసా. గడువు అయ్యాక తిరిగి వచ్చేయాలి, అది షరతు."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఒకసారి సాగనంపింది చాలదా, మళ్ళీ తన చేత్తోనే పంపించాలా అనుకున్నాడు. పిల్ల మొహం గుర్తొచ్చింది. భార్య పేరు మీద గీత గీశాడు.

"సరే, ఆవిడతో నేను చెప్తాలెండి. బయటే కూర్చున్నారు."

హాలు జనంతో కిటకిటలాడుతోంది. గోడలకు ఆనుకుని నిలబడ్డారు తప్ప, మధ్యలో ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఆయన తల వంచుకుని దాని పక్క నుంచే బయటికి నడిచాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వారం తిరిగేసరికి నాలుగు పాస్‌పోర్టులు వచ్చాయి. కూతురిది మూడుసార్లు తిరగేసి చూశాడు. పేరూ పిల్లదే, ఫోటో కూడా పిల్లదే. గడువు ఆ రోజు నుంచే మొదలు. అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు.

మధ్యాహ్నం రేకుల షెడ్డులో సాధన. రాజుగారిని రాణి దులిపేసే ఘట్టం. తెర వెనక ఎవరో రెండుసార్లు చిన్నగా గొంతు సవరించుకున్నారు. ఆ వెంటనే రాణి మాట లేచింది. పై స్థాయిలో ఎక్కడా విరగలేదు. డోలు మనిషి దెబ్బ వేయడం మరిచిపోయాడు.

"అచ్చం అక్కే బావా," అని బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో చూడు పిచ్చుక."

బొమ్మలాయన ఆ గొంతు సవరింపు గుర్తుపట్టాడు. మాటకు ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవడం భార్య అలవాటు. భయం వేసింది. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది కూడా.

"పిచ్చుకా, ఇక చాలమ్మా. ఇలా రా," అన్నాడు.

కూతురు తెర పక్క నుంచి వచ్చింది. ఆయన చొక్కా బొత్తం ఊడి ఉండడం చూసి, దగ్గరికొచ్చి పెట్టింది. ఆ పని పిల్ల ఎన్నడూ చేయలేదు.

"మా అమ్మాయేదీ?" అని మెల్లగా అడిగాడు.

"అంత కంగారెందుకండీ," అంది. "దాన్ని ఆ ఆఫీసు హాల్లో ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాను. తొంభై రోజులే కదా, వచ్చేస్తుందిలెండి."