తాడు పట్టినోళ్ళు

మునెయ్య పైనుంచి పడగానే కాంట్రాక్టరు దేవరాజులు పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు మనిషి వైపు కాదు, పైనున్న అద్దం వైపు చూశాడు. అద్దం పగల్లేదు. అప్పటికిగాని ఆయన మనసు కుదుటపడలేదు.

"బండి కట్టండిరా. ఆస్పత్రికి తోలుకుపోండి. మిగతావాళ్ళు ఏం చూస్తా ఉండారు? తిరునాళ్ళా ఇది? పనిలోకి పోండి!"

రంగు నానబెట్టే సోడా నీళ్ళ బకెట్టు మోస్తున్న తాయమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఆమె మొగుడు చిన్నబ్బ పక్క కిటికీ దగ్గర పీట మీద వేలాడుతున్నాడు. ఆ పీటకు కట్టిన తాడు కొస ఎవరి చేతుల్లోనూ లేదు, గోడకున్న ఊచకు కట్టేసి ఉంది. బండి రైల్వే గేటు దాటకముందే మునెయ్య ప్రాణం పోయిందని కబురు వచ్చింది. తాయమ్మ బకెట్టు నేలకేసి కొట్టింది.

అసలు సంగతి చెప్పాలి. యుద్ధం రోజుల్లో రేణిగుంట స్టేషను అవతల సైన్యం సరుకు దాచడానికి పెద్ద గోడౌను కట్టారు. జపాను విమానాలకు వెలుతురు కనబడకూడదని దాని కిటికీ అద్దాలన్నిటికీ నల్లరంగు పూశారు. నలభై అయిదులో యుద్ధం అయిపోయింది. మరుసటి ఏడు గోడౌనును ఒక వ్యాపారి కొన్నాడు. ఆయనకు వెలుతురు కావాలి, అదీ తొందరగా కావాలి. రంగు గీకించే కాంట్రాక్టు దేవరాజులుకు దొరికింది. వడమాలపేట వైపు బావులు తవ్వే కుటుంబాలను పిలిపించాడు. వానల్లేక, బావి తవ్వించే రైతే కరువై, వాళ్ళు పిల్లాజెల్లాతో వచ్చి పట్టాల పక్కన గుడిసెలు వేసుకున్నారు.

వాళ్ళ పని తీరు వాళ్ళది. బావిలోకి మనిషి దిగితే పైన తాడు పట్టేది అతని బామ్మర్ది. అక్క తాళి తన చేతుల్లో ఉందని తెలిసినవాడు కునుకు తీయడు, బీడీ కోసం తాడు వదలడు. ఇక్కడా అలాగే చేశారు. కప్పు దూలం మీదుగా తాడు వేసి, ఒకడు పీట మీద కూర్చుంటే, వాడి బామ్మర్ది కింద గుంజకు ఒక చుట్టు తిప్పి కొస పట్టుకునేవాడు. పై అద్దం మీద సోడా నీళ్ళు చల్లి, రంగు నానినాక గీకి, "వదులు బామ్మర్దీ!" అంటే జానెడు దింపేవాడు. ఎండ పడే గోడ జోలికి పోకుండా నీడ వెంబడి జరిగేవాళ్ళు. ఎండలో నీళ్ళు ఆరిపోతే రంగు రాదు, కాలిన అద్దం మీద నీళ్ళు పడితే పగులుతుంది. చిన్నబ్బకు తాడు పట్టేది తాయమ్మ తమ్ముడు వెంకటముని.

దేవరాజులు కంటికి మాత్రం అందులో సోమరితనమే కనిపించింది. "ఒక కిటికీకి ఇద్దరా? ఒకడు గీకుతుంటే ఇంకొకడు తాడు పట్టుకుని ఆకాశం చూస్తాడా? కొసలు ఊచకు కట్టండి, అందరూ గీకండి" అన్నాడు. కట్టేసిన తాడు కిందికి దింపదు కదా! మునెయ్య కింది అద్దం అందక పీట మీద నుంచి వంగాడు. వంగినవాడు తిరిగి లేవలేదు.

ఆ సాయంత్రం పట్టాల పక్కన అందరూ చేరారు. మునెయ్య భార్య ఏడుపు మధ్యలోనే మాటలు రేగాయి.

"నువ్వు ఎక్కొద్దు" అంది తాయమ్మ మొగుడితో, అందరి ముందే.

"ఎక్కకపోతే ఏం తింటామే?" అన్నాడు చిన్నబ్బ.

"ఎక్కితే నేనెవురితో తినాల?"

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన గొణిగాడు: "కాంట్రాక్టరుతో పెట్టుకుంటే నిలువ నీడుండదప్పా."

"ఇప్పుడుండాదా?" అని లేచాడు వెంకటముని. "బావ పైనుంటే నేను పక్క గోడ గీకతా ఉండాను. నా సేతులు గీకతా ఉండాయి, కండ్లు మాత్రం బావ తాడు మీదే. అద్దం సగం నలుపే మిగిలింది. ఇదేం పనప్పా? తాడుకొక మనిషి లేంది ఒక్కడూ ఎక్కేది లేదు!"

"లేదు!" అన్నారు ఆడవాళ్ళు ముందు. ఆ తరువాత మగవాళ్ళు.

పొద్దున్నే పోయి ఆ మాటే చెప్పారు. దేవరాజులు నవ్వాడు. మీరు కాకపోతే మీ తాతల్లాంటివాళ్ళు వస్తారన్నాడు. కూలీలు గేటు బయట బైఠాయించారు. రెండు రోజులు పోయాక ఒక లారీ వాళ్ళ ముందునుంచే లోపలికి వెళ్ళింది. నిండా సత్యవేడు వైపు సేద్యపు కూలీలు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. దిగీ దిగగానే వాళ్ళను కిటికీలకెక్కించడం గేటులోంచి కనబడుతూనే ఉంది.

"కడుపుకొట్టను వచ్చినారు నాకొడుకులు! కాళ్ళిరగ్గొట్టి పంపుదాం పాండి!" అని వెంకటముని రాయి అందుకున్నాడు.

తాయమ్మ తమ్ముడి మణికట్టు పట్టుకుంది. "ఆడ సూడు ముందు. వాళ్ళ తాళ్ళు ఎవురు పట్టినారు?"

ఎవరూ పట్టలేదు. మనుషులు నిచ్చెన మీదుగా పీటలెక్కగానే మేస్త్రీ నిచ్చెన తీసి పక్క కిటికీకి వేయిస్తున్నాడు. దిగే దారి లేదు. ఒకతను రెండు చేతులా తాడు కరచుకుని కళ్ళు మూసుకున్నాడు. గీకే రేకు ఎప్పుడో జారి కింద పడింది.

"వాళ్ళ పెండ్లాలు కూడా ఇంటికాడ ఎదురుసూస్తా ఉంటారు" అంది తాయమ్మ. "కొట్టేదానికి కాదు. దించేదానికి పోదాం రాండి!"

గేటు తోసుకుని అందరూ లోపలికి ఉరికారు. దారికొచ్చారనుకుని దేవరాజులు మొదట మురిసిపోయాడు. వాళ్ళు ఊచల దగ్గర ముళ్ళు విప్పి, గుంజకు చుట్టు తిప్పి, తాడుకు నలుగురేసి పట్టుకోవడం చూశాక గుండెలు బాదుకున్నాడు. "చంపుతా ఉండారు! పిలవండిరా పోలీసుల్ని!"

"అన్నా, కండ్లు తెరువు! మేం పట్టుకోనుండాం, భయం లేదు" అని తాయమ్మ పైకి కేకేసింది. "పేరేంది నీది?"

"రాజారత్నం" అన్నాడు పైనున్నతను, కళ్ళు తెరిచి. "మెల్లిగా అక్కా, మెల్లిగా!"

ఒక్కొక్కరినే దించారు. నేలకు కాలు తగిలినవాడు తగిలినట్టు పోయి పక్క తాడు పట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళకే తోచింది. రాజారత్నం ఇంకా నడుమ ఎత్తులో ఉండగా పోలీసు లారీ వచ్చింది.

"వదలండి తాడు!" అని గర్జించాడు సబ్‌ఇన్‌స్పెక్టరు.

తల ఎత్తి ఒక్కసారి చూస్తే సరిపోయేది. కానీ కూలీలు గుమిగూడితే చెదరగొట్టాలన్నదే ఆయన నేర్చిన పాఠం, పైన వేలాడేవాడి గురించి ఆయనకెవరూ చెప్పలేదు.

"వదిల్తే సచ్చిపోతాడు సామీ!" అన్నాడు చిన్నబ్బ.

లాఠీ అతని వీపు మీద విరిగినంత పని అయింది. తరువాత వెంకటముని భుజాల మీద, తాయమ్మ మోచేతి మీద. అడ్డం పెట్టుకోవడానికి వాళ్ళకు చేతులు ఖాళీ లేవు. దెబ్బ దెబ్బకూ పళ్ళు బిగించి జానెడు జానెడు వదిలారు. తాడు గరగరా జారి అరచేతులు దోక్కుపోయాయి. తాయమ్మకు కోపంతో కళ్ళనీళ్ళు వచ్చాయి, నొప్పితో కాదు. రాజారత్నం పాదాలు మట్టిని తాకాకే వాళ్ళు తాడు వదిలారు.

చిన్నబ్బకూ వెంకటమునికీ బేడీలు పడ్డాయి. సబ్‌ఇన్‌స్పెక్టరు రాజారత్నాన్ని ముందుకు లాగాడు.

"వీళ్ళు నిన్ను చంపబోయినారు. అవునని చెప్పు."

"లేదు సామీ. దించినారు."

చెంప పగిలింది. రాజారత్నం నోట్లోని రక్తం ఉమ్మి మళ్ళీ అదే చెప్పాడు: "దించినారు." అతన్నీ లారీలోకి తోశారు.

తాయమ్మ లారీ మీద కాలు పెట్టింది. పోలీసు అడ్డుకున్నాడు. "ఆడదానివి, ఇంటికి పో."

"నేనూ పట్టినా తాడు" అని ఆమె దోక్కుపోయిన అరచెయ్యి అతని ముఖం ముందు చాపింది.

వెనక నుంచి ఇంకో చెయ్యి లేచింది. "నేనూ పట్టినా." సత్యవేడు మనిషి ఒకడు, "నేనుకూడా" అన్నాడు. మునెయ్య భార్య వచ్చింది, ముసలాయన వచ్చాడు. లారీ నిండిపోయింది. చోటు దొరకనివాళ్ళు దాని వెనకే నడక సాగించారు.

"ఒక్కడన్నా ఉండండిరా! అద్దాలు ఎవడు గీకుతాడు?" అని దేవరాజులు గేటు దగ్గర అరుస్తున్నాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

రైల్వే గేటు దగ్గర బొగ్గు ఎత్తే కూలీలు పని ఆపి చూశారు. "యాడికి పోతా ఉండారప్పా ఇంతమంది?" అని ఒకడు అడిగాడు.

"పోలీసుటేషనుకు. తాడు పట్టినామని సెప్పేదానికి."

అడిగినవాడు పార కింద పెట్టి వాళ్ళతో నడిచాడు.