సరంగు నమ్మిన నోటిమాట

మూడువందల ఏళ్ల కిందట, జర్మనీ ఉత్తరాన ఎల్బ నది ఒడ్డు రేవుపట్నంలో ఆల్‌బ్రెష్ట్ దొరంటే మాటలు కాదు. యుద్ధనౌక కప్తానుగా ఆయన ఒక్క తుమ్ము తుమ్మితే తెరచాపలు నిండి ఓడ రెండామడలు పోయేదట. సముద్రపు దొంగలు ఆయన మీసం చూసి, దోచిన సొమ్ము తామే మోసుకొచ్చి అప్పగించేవారట. నమ్మకపోతే ఆయన ఓడ సరంగు హిన్‌రిక్‌ని అడగొచ్చు. ఈ కోతల్లో ముప్పాతిక కోసింది అతనే.

ఆ కోతలు వినే ఊరు దొరను నగరసభకు ఎన్నుకుంది. దొర ధాన్యం వర్తకుడి కూతుర్ని చేసుకుని, పట్టుకోటు తొడిగి, ఓడలు చొరబడకుండా రేవు మూతికి అడ్డంగా బిగించే గొలుసుకు హిన్‌రిక్‌ని కాపలా పెట్టించాడు.

ప్లేగు వచ్చిన ఏడు, ఏ ఓడైనా నలభై రోజులు బయటే ఆగాలని, సభ ముద్ర ఉన్న చీటీ లేనిదే గొలుసు దించకూడదని శాసనం చేశారు. మామగారి ధాన్యపు ఓడ వచ్చి బయట ఆగిన పన్నెండో రోజే దొర రేవుకొచ్చి, దాన్ని చూపించి గొలుసు దించమన్నాడు. ఓడ మీద కప్తాను చెప్పిందే చీటీ. కాగితం చూపమన్న సరంగును చచ్చాక చేపలు కూడా ముట్టవు. ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ హిన్‌రిక్ "చిత్తం" అని దించేశాడు.

నెల తిరక్కుండా రేవు వీధిలో ప్లేగు సోకిన తొంభై ఇళ్ల తలుపులకు మేకులు కొట్టారు.

విచారణ పెట్టారు. తప్పు రుజువైతే శవాల బండి లాగాలి. లాగినవాడు రెండు నెలలు బతికిన దాఖలా లేదు. అయినా హిన్‌రిక్‌కి బెంగ లేదు. భయపడుతున్న భటుణ్ణి చూసి, మా కప్తాను తన మనిషిని నీళ్లలో వదిలొచ్చే రకం కాదులే అని వాణ్ణే ఓదార్చాడు. గొలుసు ఎవరు దించమన్నారని అడిగితే దొరను చూపించాడు.

దొర మెత్తగా అడిగాడు. "చీటీ ఏదోయ్, హిన్‌రిక్?"

"తమరి నోటిమాటే కదా దొరా."

"నోటిమాటకు ముద్ర ఎక్కడ వేస్తారోయ్?"

సభ గొల్లున నవ్వింది. దొర సరసమాడుతున్నాడనుకుని హిన్‌రిక్ కూడా నవ్వాడు. తీర్పు చదువుతున్నంతసేపూ ఆ నవ్వు అతని మొహం మీదే ఉండిపోయింది, ఎలా తీసేయాలో తెలియక.

పాత మనిషని కూడా చూడని ధర్మప్రభువని దొరకు పేరొచ్చింది. పై నెలలో పురాధ్యక్షుడయ్యాడు. ఊరేగింపు రేవు వీధి మలుపు తిరిగేసరికి శవాల బండి ఎదురైంది. హిన్‌రిక్ బండిని గోడవారకు లాగి, టోపీ తీసి నిలబడ్డాడు. వెనిగర్‌లో ముంచిన గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, దొర గుర్రాలను త్వరగా తోలమన్నాడు.