మృగశిరలో దుక్కివాన

ఏడుకొండలు బస్తాను మోకాలితో ఒక్క తోపు తోసి వీపు మీదికి తెచ్చుకున్నాడు. తిరువూరు బజారులో దశరథరామయ్య విత్తనాల కొట్టు ముందు పొద్దున్నే బండ్లు బారులు తీరాయి. రాత్రి పడిన చినుకులకు రోడ్డు ఇంకా తడిగానే ఉంది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఏడుకొండలు మొహం మాత్రం మాడిపోయి ఉంది.

అతనికి ఏభై దాటాయి. కుడిభుజం మీద చర్మం కాడి మోసే ఎద్దు మెడలా మొద్దుబారింది, నడిచేటప్పుడు ఆ పక్కకే ఒరుగుతాడు. బస్తాలు మొయ్యడం కాక అతనికున్న పిచ్చి ఒక్కటే, ఆకాశం. ధనుర్మాసంలో ఏ రోజు ఏ మూల మబ్బు కట్టిందో చూసి, ఆ మబ్బే ఆర్నెల్లకు వానై దిగుతుందని రోహిణి కార్తెలో చెబుతాడు. ఈ ఏడు మృగశిరలో దుక్కివాన పడుతుందన్నాడు. అంటే నాగలి దిగేంత లోతుకు నేలను తడిపే వాన. ఆ మాట ఎ.కొండూరు దాకా పాకింది. మృగశిర నిన్నటితో అయిపోయింది.

"చెప్పినట్టే పడింది, చూశారా!" గల్లాపెట్టె దగ్గర్నుంచి దశరథరామయ్య కేకేశాడు. "మా ఏడుకొండలు నోట్లోంచి మాటొచ్చిందంటే అంతే!"

ఏడుకొండలుకు ఒళ్లు మండిపోయింది. డెబ్భైరెండులోనూ ఇంతే. ఆరుద్రలో కుండపోత అన్నాడు, చుక్క రాల్లేదు. అతని మాట నమ్మి రెండుసార్లు విత్తిన తమ్ముడు అంకారావు చేను వదిలేసి కొత్తగూడెం బొగ్గుగనుల్లోకి పోయాడు, మళ్లీ గడప తొక్కలేదు. ఊళ్లో ఒక్కడైనా 'నీ మాట తప్పిందిరా' అని తిట్టిన పాపాన పోలేదు. కాలం అలా వచ్చిందిలే అన్నారు, మరుసటేడు సిగ్గులేకుండా మళ్లీ వచ్చి అడిగారు. అప్పట్నుంచీ కార్తె వెళ్లగానే గునపంతో నేల తవ్వి, తన మాట నిలిచిందో లేదో తనే చూసుకుంటాడు. ఇవాళా తెల్లారకముందే చూసుకున్నాడు. తప్పిందని చెబితే వినేవాడు లేడు. చెప్పడమే మానేద్దామనుకుంటాడు, ధనుర్మాసం రాగానే కళ్లు పైకే పోతాయి.

వినగడప నుంచి వచ్చిన చిట్టెమ్మ తన వేరుశనగ సంచి కాటా వేయించుకుని, నెత్తిన చుట్టకుదురు సర్దుకుంది.

"ఎత్తన్నా. ఇవాళే విత్తేస్తా. నీ మాట మీదే పాడిగేదెను అమ్మి కొన్నాను."

"నేనెత్తను."

హాస్యమనుకుని చిట్టెమ్మ నవ్వింది. ఏడుకొండలు లోపలికెళ్లి గునపం తెచ్చి, కొట్టు పక్క ఖాళీ జాగాలో కసిగా పొడిచాడు. పైన వేలెడు తడి. దాని కింద ఎర్రమట్టి పొడిపొడిగా లేచింది.

"రండి, చూడండి! ఇదా దుక్కివాన? నా మాట తప్పింది. ఈ తడికి విత్తితే గింజ ఉబ్బి, లోపలే చస్తుంది. మళ్లీ విత్తనం ఎక్కణ్ణుంచి తెస్తారు?"

బండి మీదున్న రైతు హనుమయ్య నవ్వాడు. "నువ్వు చెప్పింది తప్పడమేంటయ్యా! అవతల నెమలి ఊళ్లో బాగానే పడిందంటగా."

"నెమల్లో పడితే నీ చేను తడుస్తుందా? తప్పిందంటున్నా! ఒక్కరన్నా నోరు తెరిచి తిట్టండయ్యా!"

ఎవరూ తిట్టలేదు. పెద్దాయనకు ఎండ దెబ్బ కొట్టిందేమో అన్నారెవరో. దశరథరామయ్య మెట్లు దిగి వచ్చాడు.

"ఒరే, బేరాలు చెడగొడతావా? ఆ సంచి ఎత్తు. ఎత్తకపోతే ఇవాళ్టితో నీకూ నాకూ సరి."

ఈ కొట్లో చేరినప్పట్నుంచీ ఏడుకొండలు ఏ బస్తానూ కాదనలేదు. గునపాన్ని గోడకు చేర్చాడు.

"ఎత్తనయ్యా," అని బస్టాండు వైపు నడిచాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు.

బండ్లన్నీ నిండి కదిలాయి. దశరథరామయ్య తనే వచ్చి సంచికి ఒక కొస పట్టుకున్నాడు. చిట్టెమ్మ రాలేదు. గుంట దగ్గర కూర్చుని, అడుగు నుంచి పిడికెడు మట్టి తీసి నలిపింది. అంతా దుమ్మే. దిగ్గున లేచి రోడ్డు మీదికి పరుగెత్తింది.

"నిన్నెవడు చెప్పమన్నాడురా! నా గేదె పోయింది కదరా! నీ నోరు పడిపోను!"

అప్పటికే ఏడుకొండలు బజారు మలుపు తిరిగిపోయాడు. చిట్టెమ్మ తిట్టుకుంటూ, ఏడుస్తూ, ఉత్త చేతులతో వినగడప దారి పట్టింది. సంచి, దాని మీద ఆమె తీసి విసిరేసిన చుట్టకుదురు కాటా మీదే ఉండిపోయాయి.