అరవై ఒకటో పేజీలో తప్పు

"ఏముంది, అన్నీ నీకు తెలిసినవే. నాలుగు ముక్కలు రాసి పడెయ్, నేను ఓసారి చూస్తాను" అన్నాడు భర్త, రెండో సాక్సు వెతుక్కుంటూ. అది మంచం కింద ఉందని ఆమె చెప్పింది. నాలుగు ముక్కలంటే నూట ఇరవై పేజీలు. దేశాలు తిరిగి, అడవులు తిరిగి ఫొటోలు తీసే పనిలోకి రావాలనుకునేవాళ్లకి పనికొచ్చే చిట్కాలు రాసిమ్మని ఒక ప్రచురణ సంస్థ ఆయన్ని అడిగింది. ఆయన పేరున్న ఫొటోగ్రాఫరు. ఆమె ఆయన భార్య. ఇరవై రెండేళ్లుగా అదే ఆమె ఉద్యోగం అన్నట్టు లోకం మాట్లాడుతుంది.

రాసుకోవడానికి ఆమెకి దొరికేది పదకొండు నుంచి రెండు దాకా. గిన్నెలు బోర్లించి, బట్టలు ఆరేసి, అత్తగారికి మందులిచ్చి, భోజనాల బల్ల మీద ఒక మూల తుడుచుకుని కంప్యూటర్ తెరిచేది. మొదటిరోజు భయపడుతూ మొదలుపెట్టింది. రెండోరోజుకి వేళ్లు ఆగలేదు. ఎందుకాగుతాయి? అవన్నీ ఆమె ఒంటికి తెలిసిన సంగతులు.

బరువైన లెన్సుని ఆనించడానికి సంచి కావాలి, దాన్ని నింపి మోసుకెళ్లకండి, ఖాళీ సంచి మడిచి పెట్టుకుని దిగిన ఊళ్లో నాలుగు కిలోల బియ్యం కొని పోసుకోండి అని రాసింది. పనైపోయాక ఆ బియ్యం అక్కడే ఎవరికైనా ఇచ్చి రండి అని కూడా రాసింది. ఒకసారి ఇంటికి తెచ్చి వండితే అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏమిటే ఇది, ఏనుగు వాసనొస్తోంది" అంది. ఆవిడ ఏనుగుని ఎప్పుడు వాసన చూసిందో ఎవరూ అడగలేదు. ఆ పూటకి ఇంకో కుక్కరు పెట్టాల్సొచ్చింది, అంతే.

చలిప్రాంతాల్లో బ్యాటరీలు సంచిలో కాదు, ఒంటికి ఆనేలా లోపలి జేబులో పెట్టుకోండి. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే కెమెరా బయటికి తీయకండి, సంచి మూసే ఉంచండి, లేకపోతే అద్దానికి లోపలివైపు చెమ్మ పడుతుంది. స్నానం, భోజనం తర్వాత చెయ్యొచ్చు, ముందు ఆనాటి ఫొటోలు రెండు చోట్ల దాచండి. కొత్త ఊళ్లో మొదటి గంట కెమెరా బయటపెట్టకండి. సంతలో ఏదో ఒకటి కొనండి, ఆ అమ్మే మనిషితో మాట్లాడండి, తర్వాత అడగండి. వద్దంటే నవ్వి వచ్చెయ్యండి. జంతువు కళ్లెంత ఎత్తులో ఉన్నాయో మీ కెమెరా అంత ఎత్తులో ఉండాలి, బురదైనా సరే పడుకోండి. పైనుంచి చూసి తీస్తే పులి అయినా కొత్త కోడలిలా కనిపిస్తుంది. ఈ వాక్యం రాసి ఆమె తనలో తనే నవ్వుకుంది. కొట్టేద్దామనుకుంది. కొట్టెయ్యలేదు.

అడుగు వేసేటప్పుడు పాదం బయటి అంచు ముందు ఆనించి, నేల గట్టిదని తేలాకే బరువు మోపండి అని రాస్తూ ఆగిపోయింది. అది ఆమెకి అడవి నేర్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో మామగారు మధ్యాహ్నం పడుకునేవాడు. గ్లాసు చప్పుడైతే చాలు, "ఈ ఇంట్లో మనిషి కన్ను మూసే యోగం లేదు" అని మొదలయ్యేది. తలుపు కిర్రుమనకుండా తీయడం, ఊపిరి బిగబట్టి గది దాటడం ఆమె అక్కడ నేర్చుకుంది. ఆ విద్యతోనే తర్వాత జింకలకి పదడుగుల దూరం దాకా వెళ్లింది. జింకలు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. మామగారి కన్నా జింకలు నయం.

మొదట్లో ఆమె కెమెరా ముట్టలేదు. సామాను మోసేది. జీపులో ఆయన పొడుగాటి లెన్సుని ఆమె భుజం మీద ఆనించి తీసేవాడు, ఆమె ఊపిరి ఆపేది. సభల్లో ఆయన చెప్పే జోకు కూడా అదే: "మా ఆవిడే నా స్టాండు. మామూలు స్టాండు మొయ్యాలి, ఇది తనే నడిచొస్తుంది." జనం నవ్వేవాళ్లు. మనిషి చెడ్డవాడేం కాదు. ఏనుగుల గుంపు ఎటు మళ్లుతుందో అరగంట ముందే చెప్పగలడు, ఆ విషయంలో ఆయనకి సాటి లేరు. కానీ కూర్చోలేడు. గంట గడిస్తే నడుం పట్టేస్తుంది, రెండో గంటకి ఫోను తీస్తాడు. అలా ఆయన లేచి వెళ్లిపోయిన చోట ఆమె కూర్చోవడం మొదలైంది, ఆయన పక్కన పడేసిన పాత కెమెరా ఒళ్లో పెట్టుకుని.

నీటికుక్కల ఫొటో అలా వచ్చిందే. ఆయన నడుం నొప్పికి పట్నంలో ఆస్పత్రిలో ఉన్నాడు. ఏటి ఒడ్డున మనిషి ముడుచుకుని పట్టేంత గుడ్డ గుడారంలో ఆమె నాలుగు రోజులుంది. మొదటిరోజు దోమలు తప్ప ఏమీ రాలేదు. రెండోరోజు బండ మీద చేప పొలుసులున్న పెంట కనిపించింది. వాటి దారి ఇదేనని తెలిసి, తన వాసన వాటికి తగలకుండా గుడారాన్ని గాలికి ఎదురు దిక్కుకి మార్చుకుంది. మూడోరోజు వాన. నాలుగోరోజు పొద్దున్నే తల్లి వచ్చింది, పిల్లని మెడ పట్టుకుని నీళ్లలోకి లాగింది. పిల్ల మొరాయించింది, తల్లి వదల్లేదు. ముంచింది, తేల్చింది, మళ్లీ ముంచింది. ఆ పిల్ల మొదటిసారి తనంతట తను ఈదిన క్షణం, సెకనులో వెయ్యో వంతు, ఆమె పట్టుకుంది. కన్ను మీద నీటిబొట్టు కూడా కనిపిస్తుంది. అలా కూర్చోగల మనిషి, అలా చూడగల మనిషి నూటికి ఒకరుంటారేమో. ఆ ఫొటోకి పెద్ద బహుమతి వచ్చింది, ఆయన పేరు మీద. వేదిక మీద ఆయన "నాలుగు రోజులు కదలకుండా కూర్చున్నాను" అన్నాడు. మూడో వరసలో ఆమె కూడా చప్పట్లు కొట్టింది, అందరికన్నా కాస్త ఆలస్యంగా.

పుస్తకం పూర్తయ్యింది. ఆయన కాగితాలు తిరగేసి, తన ఫొటోలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, "బాగుంది, పంపించెయ్" అన్నాడు. ఒక్క పేజీ చదవలేదు. చదివినా అది ఆడమనిషి మాటని పట్టుకునేవాడు కాదేమో. మన భాషలో "నేను వెళ్లాను, నేను చూశాను" అంటే ఆడో మగో తెలీదు. "నేను" అనే మాటకి మీసమూ ఉండదు, కొప్పూ ఉండదు. ఆ వెసులుబాటు చాటున ఎంతమంది ఎంత రాసిపెట్టారో ఎవరికి తెలుసు.

మూడు వారాల తర్వాత, ఆయన హాల్లో టీవీ చూస్తుండగా వంటింట్లో ఆమె ఫోను మోగింది. ప్రూఫులు దిద్దే ఆవిడ. కాస్త బొంగురు గొంతు.

"పుస్తకం రాసినాయనతో మాట్లాడాలండీ. చిన్న అనుమానం."

"నాకు చెప్పండి, టైపు చేసింది నేనే."

"అరవై ఒకటో పేజీలో, నీటికుక్కల దగ్గర, 'నాలుగు రోజులు ఒక్కదాన్నే కూర్చున్నాను' అని పడిందమ్మా. 'ఒక్కడినే' అని దిద్దెయ్యమంటారా?"

ఆ మాట ఎప్పుడు పడిందో ఆమెకి తెలీదు. చూసి ఉంటే తనే దిద్దేసేది. ఇరవై రెండేళ్ల అలవాటు మరి.

"నేనే దిద్దేసేదాన్నమ్మా, అడక్కుండా" అంది ఆవిడ. "కానీ నలభయ్యో పేజీ గుర్తొచ్చి చెయ్యి రాలేదు. గుడారంలో ఉన్నన్నాళ్లూ నీళ్లు తాగడం మానకండి, మూతున్న డబ్బా పక్కన పెట్టుకోండి, నెలసరి అయితే గుడ్డలు విడిగా మూటకట్టి వెనక్కి తెచ్చేసుకోండి, అడవిలో పారెయ్యకండి అని ఉంది. చెట్టు చాటుకి పోయొచ్చే మగాడికి ఈ బాధ ఎందుకు తెలుస్తుందండీ?"

ఆమె పొయ్యి కట్టేసింది.

"ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. భర్త పేరు మీద భార్య రాసిన పుస్తకం నా చేతికి రావడం ఇది నాలుగోది."

"మిగతా మూడూ?"

"దిద్దేశానమ్మా."

హాల్లోంచి "టీ ఏమైంది?" అని కేక వినపడింది. ఇప్పుడు "దిద్దెయ్యండి" అంటే ఒక్క మాటతో పోతుంది. ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఆ పిల్ల నీళ్లలో ఈదిన క్షణం కూడా ఎప్పటికీ ఆయనదే అవుతుంది.

"ఉంచండి" అంది.

"ఉంచితే అట్ట మీద పేరు తప్పవుతుందమ్మా."

"అయితే అట్ట దిద్దండి."

అవతల ఆవిడ గొంతు సవరించుకుంది. "అది నా చేతిలో లేదు. సంపాదకుడికి మీరు రెండు లైన్లు రాసివ్వాలి. సార్ ఒప్పుకుంటారా?"

"రాసింది నేనైతే ఆయన ఒప్పుకోవాల్సిందేముంది? ఫొటోల సంగతి కూడా రాస్తాను. ఏ ఫొటో ఏ కెమెరాతో, ఏ రోజు, ఏ నిమిషంలో తీశామో కంప్యూటర్లో ఆ ఫొటో ఫైలులోనే నమోదై ఉంటుంది. ఆయనవి ఆయన పేరునే వెయ్యండి, ఏనుగులన్నీ ఆయనవే, అద్భుతంగా ఉంటాయి. నావి నా పేరున వెయ్యండి."

"మరి గొడవ కాదూ?"

"అవుతుంది. ఉత్తరం ఈ సాయంత్రం పంపిస్తాను."

"పంపించండమ్మా" అంది ఆవిడ, ఈసారి మెల్లగా. "ఇది నేను దిద్దను."

ఆమె ఫోను పెట్టేసి బల్ల దగ్గర కూర్చుంది. కంప్యూటర్ తెరిచి సంపాదకుడికి ఉత్తరం మొదలుపెట్టింది. టీ ఎంతకీ రాకపోయేసరికి ఆయనే వంటింట్లోకి వచ్చాడు.

"ఎవరు ఫోను, ఇంతసేపు?"

"ప్రెస్సువాళ్లు. పుస్తకం రాసినవాళ్లతో మాట్లాడాలన్నారు" అంది ఆమె, తల తిప్పకుండా టైపు చేస్తూ. "మాట్లాడాను."